మెత్తటి టైరుకు అసలు ఖర్చు పెట్రోలులో కాదు

చిన్న కారుకు మంచి పట్టున్న టైర్లు వేయించగానే మైలేజీ పడిపోయిందన్న ఫిర్యాదు కొత్తదేమీ కాదు. లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు ఇచ్చే కారు పదహారున్నరకు దిగిందంటారు. మెత్తటి రబ్బరే పెట్రోలు తాగేస్తోందని అక్కడికక్కడే తేల్చేస్తారు. రబ్బరు పాత్ర ఉన్న మాట నిజమే. కానీ ఆ ఒకటిన్నర కిలోమీటర్లలో దాని వాటా సాధారణంగా సగానికి అటూ ఇటూ ఉంటుంది. మిగతాది పాత టైర్లు అరిగి ఉండటం వల్ల, సైజు మార్చడం వల్ల, ఆ మార్పుతో ఓడోమీటరు (తిరిగిన దూరం చూపే మీటరు) లెక్క తప్పడం వల్ల వచ్చేది. పట్టుకు నిజంగా చెల్లించే మూల్యం వేరే చోట ఉంది. దాన్ని మాత్రం ఎవరూ లెక్క వేయరు.

ముందు పెట్రోలు సంగతి. కదులుతున్న టైరులో నేలను తాకే భాగం చదునుగా అణగి, నేలను వదలగానే మళ్లీ గుండ్రంగా లేస్తుంది. అణచడానికి పట్టిన శక్తి లేచేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. కొంత వేడిగా మారిపోతుంది. చాలాదూరం నడిపిన కారు టైరును తాకితే చేతికి తెలిసే వెచ్చదనం చాలావరకు ఇదే. ఈ నష్టాన్నే దొర్లుడు నిరోధం అంటారు. దీన్ని టన్ను బరువుకు ఇన్ని కిలోల లాగుడు అని కొలుస్తారు. మామూలు కారు టైరుకు ఇది టన్నుకు 10 కిలోల చుట్టూ ఉంటుంది. పొదుపు కోసమే తయారైన టైరుకు 7, 8 కిలోలు. బాగా మెత్తటి స్పోర్ట్స్ టైరుకు 12 వరకూ పోవచ్చు. ఇద్దరు మనుషులతో, కాస్త సామానుతో స్విఫ్ట్ లాంటి కారు టన్నుకు కాస్త అటూ ఇటూ తూగుతుంది కాబట్టి ఆ అంకెలనే కారుకు అన్వయించుకోవచ్చు.

పది కిలోల లాగుడు ఎక్కువా తక్కువా అన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్ ఆకారానికి సుమారుగా లెక్క వేస్తే గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గాలి వెనక్కి తోసే బలం 8 కిలోలు. 100లో అది 33 కిలోలు. 110లో 40. టైరు నిరోధం మాత్రం ఈ వేగాలన్నిటిలో దాదాపు ఒకేలా ఉంటుంది. అంటే 55 దాటే వరకూ కారును ఎక్కువగా ఆపేది టైరు. ఆ పైన గాలి. ఇందులోంచి ఒక చిత్రమైన విషయం బయటపడుతుంది. టైరు నిరోధం 10 కిలోల నుంచి 8కి తగ్గితే ఆదా అయ్యేది 2 కిలోలు. హైవే మీద 100కు బదులు 103లో వెళితే గాలి ఆ 2 కిలోలనూ తిరిగి లాక్కుంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి 2023లో 120కి పెరిగింది. అక్కడ 120లో పరుగెత్తుతూ టైరు వల్ల మైలేజీ పోయిందని బాధపడటంలో అర్థం లేదు.

టైరు మార్పు ఇంధనం మీద ఎంత ప్రభావం చూపుతుందన్న ప్రశ్నకు అమెరికా రవాణా పరిశోధన మండలి 2006లో ఇచ్చిన అంచనా ఇప్పటికీ పనికొస్తుంది: దొర్లుడు నిరోధం 10 శాతం తగ్గితే ఇంధనం 1 నుంచి 2 శాతం ఆదా అవుతుంది. దీన్ని తిప్పి చూస్తే, 8 కిలోల పొదుపు టైరు తీసేసి 10 కిలోల పట్టున్న టైరు వేసినప్పుడు నిరోధం 25 శాతం పెరిగి, పెట్రోలు ఖర్చు రెండున్నర నుంచి ఐదు శాతం పెరుగుతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు, లీటరుకు 18 మైలేజీ, లీటరు 108 రూపాయలు అనుకుంటే నెలకు 150 నుంచి 300 రూపాయల తేడా. పట్టించుకోనక్కర్లేని మొత్తం కాదు గానీ కారు అమ్మేసుకునేంతదీ కాదు.

ఒకే రబ్బరుకు రెండు పనులు

పట్టు కావాలంటే మైలేజీ వదులుకోక తప్పదన్న నమ్మకం ఒకప్పుడు పూర్తిగా నిజం. రబ్బరు రోడ్డును పట్టుకోవడమూ, శక్తిని వేడిగా పోగొట్టుకోవడమూ ఒకే గుణం నుంచి వచ్చేవి. రోడ్డు మీది కంకర రేణువుల సూక్ష్మమైన గరుకుదనంలోకి రబ్బరు ఒదిగి, వెంటనే వెనక్కి లేవకుండా బద్ధకించినప్పుడే పట్టు దొరుకుతుంది. ఆ బద్ధకమే దొర్లేటప్పుడు శక్తిని తినేస్తుంది.

అయితే ఈ రెండు పనులూ వేర్వేరు లయల్లో జరుగుతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 62 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం సెకనుకు ఎనిమిదిన్నర సార్లు తిరుగుతుంది. టైరు అణగి లేవడం ఆ లెక్కలోనే సాగుతుంది. బ్రేకు వేసినప్పుడు ట్రెడ్ (నేలను తాకే పై రబ్బరు) మీది పలచటి పొర రేణువుల మీద రాసుకుంటూ అదిరేది మాత్రం సెకనుకు వేల, లక్షల సార్లు. నెమ్మది కదలికలో చురుగ్గా, వేగమైన అదురులో బద్ధకంగా ఉండే రబ్బరును తయారు చేయగలిగితే రెండూ దక్కుతాయి. రబ్బరుకు బలం కోసం కలిపే మసి లాంటి కార్బన్ బ్లాక్‌లో చాలా భాగం తీసేసి, బదులుగా సిలికా పొడి కలపడంతో ఇది చేతికందింది. మిషెలిన్ 1992లో ఈ పద్ధతితో పొదుపు టైరును మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత పెద్ద కంపెనీలన్నీ అదే దారి పట్టాయి.

అందుకే నేటి మంచి టైరులో తడి రోడ్డు మీద పట్టూ, తక్కువ నిరోధమూ ఒకే చోట ఉండటం వింత కాదు. యూరప్‌లో 2012 నుంచి టైరు మీద తప్పనిసరిగా ఉండే లేబుల్ ఈ రెండింటినీ విడివిడిగా చూపిస్తుంది. 2021 మేలో మారిన పద్ధతి ప్రకారం రెండింటికీ ఏ నుంచి ఈ వరకు తరగతులు. నిరోధం టన్నుకు 6.5 కిలోలు మించకపోతే ఏ, 7.8 నుంచి 9 వరకు సి, 10.6 అంతకు మించితే ఈ. తడి పట్టులో ఏ, నిరోధంలో సి ఉన్న టైరు చిన్న కారుకు చాలా మంచి బేరం. రెండూ ఏ ఉన్నవి ఉన్నాయి గానీ ధర గట్టిగానే ఉంటుంది.

మన దగ్గర చిక్కు ఏమిటంటే, ఈ సమాచారం కొనేవాడి కంటికి అంత తేలిగ్గా ఆనదు. 2022లో కేంద్రం నోటిఫై చేసిన ఏఐఎస్-142 ప్రమాణం దొర్లుడు నిరోధానికీ, తడి పట్టుకూ, చప్పుడుకూ హద్దులు పెట్టింది. అది ఉత్తీర్ణత మార్కు లాంటిది. ఆ పైన ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో చెప్పదు. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) టైర్లకు ఇచ్చే నక్షత్రాలు మైలేజీ వైపే చూస్తాయి. నక్షత్రాలు ఎక్కువున్న టైరు వానలో బాగా ఆగుతుందని దాని అర్థం కాదు. అదే మోడల్ యూరప్‌లోనూ అమ్ముతుంటే అక్కడి లేబుల్ వివరాలు ఇంటర్నెట్లో దొరుకుతాయి. మనకు అమ్మే టైరు మిశ్రమం కాస్త వేరుగా ఉండొచ్చన్న జాగ్రత్తతో వాటిని చూడొచ్చు.

పాత టైరుతో పోలికే తప్పు

కొత్త టైరు ట్రెడ్ లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. చట్టం ప్రకారం మార్చాల్సిన హద్దు 1.6. దొర్లేటప్పుడు పోయే శక్తిలో పెద్ద భాగం ట్రెడ్ రబ్బరులోనే పోతుంది కాబట్టి అది అరిగేకొద్దీ నిరోధం తగ్గుతూ వస్తుంది. పూర్తిగా అరిగిన టైరుకు కొత్తదాని కంటే ఐదో వంతు తక్కువగా ఉన్నా ఆశ్చర్యం లేదు. అంటే టైరు జీవితంలో అత్యుత్తమ మైలేజీ ఇచ్చే రోజులు, వానలో అత్యంత ప్రమాదకరమైన రోజులూ ఒకటే. ఆ చివరి రోజుల మైలేజీని కొత్త టైర్ల మొదటి నెలతో పోల్చి చూస్తారు. అదే పాత మోడల్ టైర్లు కొత్తవి వేసినా మైలేజీ రెండు శాతమో మూడు శాతమో తగ్గేది.

దీనికి తోడు, కారుతో పాటు కంపెనీ నుంచి వచ్చే టైర్లే మైలేజీ కోసం ఎంచినవి. కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వినియోగానికి ప్రభుత్వం పెట్టిన పరిమితి 2022-23 నుంచి రెండో దశలో మరింత బిగిసింది. ప్రకటనలో చెప్పే మైలేజీ అంకె సరే సరి. అందువల్ల కారు కంపెనీలు టైరు కంపెనీల చేత తక్కువ నిరోధమున్న మిశ్రమాలు తయారు చేయించుకుంటాయి. పేరు ఒకటే అయినా షోరూము కారుకు వచ్చిన టైరు, దుకాణంలో కొన్న టైరు ఒకే రబ్బరు కానక్కర్లేదు.

సైజు పెంచే మోజు

ఇక సైజు. 165/80 ఆర్14 అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, రిమ్ము వ్యాసం 14 అంగుళాలు. స్విఫ్ట్‌నే తీసుకుంటే కింది వేరియంట్లకు 165/80 ఆర్14, పై వేరియంట్‌కు 185/65 ఆర్15 వస్తాయి. మొదటి దాని వ్యాసం 619.6 మిల్లీమీటర్లు, రెండోదానిది 621.5. తేడా 0.3 శాతం. కాబట్టి కింది వేరియంట్ కొన్నవారు 15 అంగుళాల రిమ్ములతో 185కు మారితే స్పీడోమీటరు గానీ గేర్ల లెక్క గానీ దెబ్బతినవు. కంపెనీయే పరీక్షించిన సైజు కాబట్టి వారంటీ పేచీ కూడా తక్కువ.

దుకాణాల్లో మాత్రం సలహా అక్కడితో ఆగదు. అదే రిమ్ముకు 195/65 ఆర్15 పడుతుందంటారు. దాని వ్యాసం 634.5, అంటే 185 కంటే 2.1 శాతం పెద్దది. చక్రం ఒక చుట్టుకు 2 శాతం ఎక్కువ దూరం పోతుంది గానీ ఓడోమీటరుకు ఆ సంగతి తెలియదు. కారు 102 కిలోమీటర్లు నడిస్తే మీటరు వందే చూపిస్తుంది. ట్యాంకు నింపి మీటరు చూసి లెక్క కట్టినవారికి చుక్క పెట్రోలు అదనంగా కాలకపోయినా మైలేజీ 2 శాతం పోయినట్టు కనిపిస్తుంది. మొదట్లో చెప్పిన ఒకటిన్నర కిలోమీటర్లను ఇప్పుడు విడగొట్టి చూడొచ్చు: మొత్తం తగ్గుదల సుమారు 8 శాతం. అందులో మిశ్రమానిది 3, 4. కొత్త ట్రెడ్‌ది 2, 3. మీటరు లెక్కది 2.

వెడల్పు పెరిగితే పట్టు పెరుగుతుందన్న నమ్మకాన్ని కూడా కాస్త తరచి చూడాలి. టైరు నేలను తాకే వైశాల్యాన్ని ప్రధానంగా నిర్ణయించేది దాని మీది బరువూ, లోపలి గాలి ఒత్తిడీ. చక్రానికి 250 కిలోల చొప్పున 33 పీఎస్ఐ గాలితో లెక్క కడితే సుమారు 108 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. 165 వేసినా 195 వేసినా ఇది పెద్దగా మారదు, మారేది ఆకారం. సన్న టైరు ముద్ర నిలువుగా పొడవుగా ఉంటుంది, వెడల్పు టైరుది అడ్డంగా పొట్టిగా ఉంటుంది. అడ్డంగా ఉన్నది మలుపుల్లో స్టీరింగుకు చురుగ్గా స్పందిస్తుంది, నిజమే. నీళ్లు నిలిచిన రోడ్డు మీద మాత్రం పక్కలకు తోయాల్సిన నీరు ఎక్కువై, తేలికైన కారు ముందుగా తేలిపోతుంది. వానాకాలంలో నీరు నిలవని రోడ్లు మన నగరాల్లో ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు.

హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో 120 హార్స్‌పవర్ టర్బో ఇంజిన్ ఉంది. దానికి కంపెనీ ఇచ్చింది 195/55 ఆర్16. ఎనభై, తొంభై హార్స్‌పవర్ కారుకు 205 వేయించడం చూడముచ్చటకే తప్ప ఇంకెందుకూ కాదు. బీఎండబ్ల్యూ ఐ3 విద్యుత్ కారుకైతే నిరోధాన్ని, గాలి దెబ్బను తగ్గించడం కోసం 19 అంగుళాల రిమ్ము మీద 155 మాత్రమే వెడల్పున్న టైరు పెట్టారు. చక్రం ఎత్తు పెరిగితే నిరోధం తగ్గుతుంది, వెడల్పు పెరిగితే గాలికి అడ్డు పెరుగుతుంది. మన వీధుల్లో జరిగే మార్పిడి చాలావరకు దీనికి తలకిందులు. పక్క గోడ పొట్టిదైతే గుంతలో పడ్డప్పుడు ఉబ్బు రావడమో రిమ్ము వంగడమో అదనం: 165/80కి పక్క గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు, 195/55కి 107.

అరుగుదల లెక్క

ఇప్పుడు ఎవరూ వేయని లెక్క. మామూలు టైరు ఒక్కోటి 6,500 రూపాయలు, నాలుగూ కలిపి 45,000 కిలోమీటర్లు వస్తాయనుకుందాం. కిలోమీటరుకు 58 పైసలు. మెత్తటి స్పోర్ట్స్ టైరు 8,000 రూపాయలు, 30,000 కిలోమీటర్లకే అరిగిపోతుందనుకుందాం. కిలోమీటరుకు 107 పైసలు. తేడా 49 పైసలు. పెట్రోలు వైపు చూస్తే, లీటరు 108, మైలేజీ 18 అయితే కిలోమీటరుకు 6 రూపాయలు; నాలుగు శాతం పెరిగితే 24 పైసలు. అంటే పెట్రోలులో పోయే దానికి రెట్టింపు రబ్బరులో పోతోంది. ధరలు, దూరాలు ఎవరి అనుభవానికి తగ్గట్టు వారు మార్చుకోవచ్చు. అరుగుదల బరువు ఎక్కువన్న ఫలితం మాత్రం అంత తేలిగ్గా మారదు.

చాలా టైర్ల పక్క గోడ మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. ఇది అమెరికా పద్ధతి. 200 దగ్గర ఉంటే బాగా మెత్తటి స్పోర్ట్స్ రబ్బరు, 400 ఆ పైన ఉంటే రోజువారీ టైరు. ఎవరి పరీక్ష వారే చేసుకుని వేసుకునే అంకె కాబట్టి ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య అంతగా కాదు. పక్కనే ఉండే వేగం అక్షరం చూసి మోసపోకూడదు. హెచ్ అంటే గంటకు 210, వి అంటే 240. చిన్న కారుకు హెచ్ చాలు. లోడ్ అంకె మాత్రం కారుతో వచ్చిన టైరు కంటే తగ్గకూడదు. 85 అంటే ఒక్కో టైరుకు 515 కిలోలు, 88 అంటే 560.

మరి ఇంత ఖర్చు పెట్టి పట్టు కొనడం దండగేనా? తడి రోడ్డు మీద గంటకు 80 వేగంలో బ్రేకు వేసిన రెండు కార్లను తీసుకుందాం. ఒకదాని ఘర్షణ గుణకం (రోడ్డు మీద పట్టును చెప్పే అంకె) 0.8, రెండోదానిది 0.7. మొదటిది 31 మీటర్లు దాటి ఆగుతుంది, రెండోది 36 దగ్గర. నాలుగున్నర మీటర్లే కదా అనిపిస్తుంది. మొదటి కారు పూర్తిగా ఆగిన చోట రెండోది ఇంకా గంటకు 28 కిలోమీటర్ల వేగంతో కదులుతూ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నంత మాత్రాన ఈ తేడా పూడదు. రబ్బరు ఇవ్వగలిగిన పట్టునే అది వాడుకుంటుంది, లేని పట్టును పుట్టించలేదు. నెలకు రెండు మూడు వందల పెట్రోలు ఈ 28 కిలోమీటర్ల వేగం ముందు పెద్ద బేరమేమీ కాదు.

అందుకని చిన్న కారుకు పెర్ఫార్మెన్స్ టైరు అంటే తడి పట్టు బలంగా ఉన్న టూరింగ్ టైరు (రోజువారీ, దూర ప్రయాణాలకు చేసినది) అనుకోవడం మేలు. 200 ట్రెడ్‌వేర్ స్పోర్ట్స్ టైరు రేస్ ట్రాక్‌కు వెళ్లేవారికి. కంపెనీ అనుమతించిన సైజులోనే ఉండి రబ్బరు మాత్రం మారిస్తే పట్టులో దక్కేదాంట్లో ఎక్కువ భాగం దక్కుతుంది, పోయే మైలేజీలో కొంతే పోతుంది. రిమ్ము సైజు పెంచే డబ్బుతో ఒక తరగతి మెరుగైన టైర్లు వస్తాయి.

బడ్జెట్ చాలక రెండే కొంటే వాటిని ముందు చక్రాలకు వేయించడం మన అలవాటు. ముందు చక్రాలతో నడిచే కార్లలో అరిగేవి అవే కాబట్టి అది సహజంగా తోస్తుంది. టైరు కంపెనీలు చెప్పేది వేరు: కొత్తవి వెనక్కి, ఉన్నవాటిలో బాగున్నవి ముందుకు. మలుపులో ముందు పట్టు తప్పితే కారు తిరగకుండా తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే సర్దుకుంటుంది. వెనక పట్టు తప్పితే కారు గిరుక్కున తిరుగుతుంది, దాన్ని సరిదిద్దడం మామూలు డ్రైవరు వల్ల కాదు. ముందు మెత్తటి కొత్త టైర్లు, వెనక గట్టి అరిగిన టైర్లు ఉన్న కారు వానలో ఘాట్ రోడ్డు మలుపుకు అన్నిటికంటే చెడ్డ జత.

ఏ టైరు వేసినా గాలి సరిగా లేకపోతే పై లెక్కలన్నీ వృథా. నాలుగు టైర్లలో సగటున ఒక్క పీఎస్ఐ తగ్గితే ఇంధనం 0.2 శాతం ఎక్కువ పడుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. 33 ఉండాల్సింది 26కు దిగితే ఒకటిన్నర శాతం దాకా అక్కడే పోయినట్టు. టైరు నెలకు ఒక పీఎస్ఐ చొప్పున తనంతట తానే కోల్పోతుంది. మైలేజీ కోసం 40 కొట్టించేవారూ ఉన్నారు. నేలను తాకే ముద్ర చిన్నదై, ట్రెడ్ మధ్యలో అరిగి, డబ్బు పెట్టి కొన్న పట్టే పోతుంది. మన వేసవిలో మరో పొరపాటు జరుగుతుంది. రోహిణి కార్తె మధ్యాహ్నం అరగంట నడిపాక గాలి చూపిస్తే గేజీ నాలుగైదు పీఎస్ఐ ఎక్కువే చూపిస్తుంది. బంకులో కుర్రాడు ఆ ఎక్కువ తీసేస్తాడు. మర్నాడు పొద్దున్నకి టైరు తక్కువ గాలితో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడే, డ్రైవరు తలుపు పక్కన అంటించిన పట్టీలోని అంకెకు గాలి పెట్టించాలి. నైట్రోజన్‌కు వేరే డబ్బు తీసుకుంటారు. మామూలు గాలిలో అది ఎలాగూ 78 శాతం ఉంది.

కొత్త టైర్ల మైలేజీ చూడాలనుకుంటే మొదటి రెండు మూడు వేల కిలోమీటర్లు వదిలేయాలి. కొత్త రబ్బరు ఆ మేరకు తిరిగాక నిరోధం కాస్త తగ్గి స్థిరపడుతుంది. ఆ తర్వాత ఒకే బంకులో ఒకే పద్ధతిలో ట్యాంకు నింపుతూ రెండు మూడు నిండు ట్యాంకుల సగటు తీయాలి. సైజు మార్చి ఉంటే మీటరు దూరాన్ని ఫోనులోని జీపీఎస్‌తో ఒకసారి సరిచూసుకుని, తేడా శాతాన్ని అన్ని లెక్కలకూ కలపాలి. డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటు మైలేజీ కూడా అదే చక్రం చుట్ల నుంచి వచ్చేది కాబట్టి దానికీ ఇదే సవరణ వర్తిస్తుంది.